కుదరదన్నారు మా ఆయన

అదిగో, మళ్ళీ నోరు తెరుస్తున్నారు! మూసుకోండి. డాక్టరుగారు ఏం చెప్పారు? గొంతు వాచిపోయింది, మాట కాదు కదా, గుసగుస కూడా పనికిరాదన్నారా, లేదా? గుసగుసలాడితే ఇంకా చేటట. నేను కనిపెట్టింది కాదు, ఆయనే అన్నారు. మీరూ బుద్ధిమంతుడిలా తలూపి వచ్చారు.

ఉండండి, ముందు నన్ను చెప్పులు విప్పుకోనివ్వండి. ఈ మెట్లెక్కేసరికి ప్రాణం పోయినంత పనవుతోంది. అబ్బ, చూడండి ఎలా తడిసి ముద్దయ్యానో! గొడుగు లేకనా? ఉంది, చేతిలోనే ఉంది. సరిగ్గా నడిరోడ్డు మీద వాన అందుకుంటే తెరుచుకోనని మొరాయించింది. ఎందుకు తెరుచుకుంటుందీ? మొన్నటిదాకా బాగానే ఉంటే, మీరు బాగుచేశారుగా!

ఆఁ ఆఁ, చెప్తాను. మీ ఆఫీసుకి వెళ్ళాను, పెద్దాయన్ని కలిశాను, మాట్లాడాను. కళ్ళు అంతంత చేసి చూడకండి, చెప్పేది మర్చిపోతాను. ముందు మీకు ఉప్పునీళ్ళు కాచనివ్వండి, పుక్కిలించే వేళ దాటిపోయింది. మొహం అలా పెట్టకండి. రుచి కోసమని ఇవ్వట్లేదు నేను.

ఏంటి వెతుకుతున్నారు? పలకా? అటక మీద పెట్టి వెళ్ళాను. ఎందుకంటే ఏం చెప్పనూ! మాట్లాడలేరు కదా, అవసరానికి ఉంటుందని కొని తెచ్చాను. పొద్దున నేను "కూర మాడిందండీ" అన్నాను. అంతే కదా? మీరు పలక అందుకుని ఏం రాశారు? "మాడింది కాదు, మాడ్చావు." గొంతు పోయిన మగవాడు మంచినీళ్ళు కావాలని రాస్తాడు, కిటికీ వెయ్యమని రాస్తాడు. మా ఆయన నా మాటలు దిద్దుతారు!

అసలీ గొంతు ఎందుకు పోయిందంటారు? మీ నిఘంటువు ఆఫీసులో అచ్చుకి వెళ్ళేముందు ప్రతి పేజీ ఒకళ్ళు పైకి చదవాలి, ఇంకొకళ్ళు వింటూ తప్పులు చూసుకోవాలి. మంచిదే. ఆ పైకి చదివేవాళ్ళు ఎప్పుడూ మీరే ఎందుకవ్వాలండీ? "మీ గొంతు ఖంగుమంటుంది" అన్నారట. మీరు "సరే" అన్నారట. ఇక చూస్కోండి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా, కామా వస్తే కామా అని, చుక్క వస్తే చుక్క అని, ఒకటే పారాయణం. ఇంటికొచ్చాక కూడా దిగేది కాదు. "ఆకలేస్తోంది కామా అన్నం పెట్టు చుక్క" అన్నారు ఒకరోజు. నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను.

ఇన్ని వేల మాటలు మీ గొంతులోంచి వెళ్ళాయి కదా, అందులో మీ సొంత మాట ఏదండీ? నేను చెప్పనా? సరే. అదొక్కటే. కుర్చీ మార్చి కిటికీ లేని గదిలో వేస్తే సరే. సెలవు లేదంటే సరే. పక్కింటాయన మన గుమ్మంలో సైకిలు పెట్టుకుంటానంటే సరే. ఆ సైకిలు ఇప్పుడు కూడా అక్కడే ఉంది, ఇందాక నా చీర దాని పెడలుకి పట్టుకుని బెత్తెడు చిరిగింది.

మొన్న గొంతు పోయే ముందు రోజు ఇంటికొచ్చి ఏం చెప్పారు? నిఘంటువు మళ్ళీ అచ్చేస్తున్నారు, ఈసారి పెద్దాయన ఇంటి వాక్యాలన్నీ తీసేద్దామంటున్నారు, వాటి బదులు గౌరవంగా ఉండేవి వేద్దామంటున్నారు అని. మీరేమన్నారని అడిగాను. "ఆలోచించి చెప్పమన్నారు. సరే అనేద్దామనుకుంటున్నాను." అనేలోపు గొంతు పోయింది. దేవుడున్నాడండీ!

ఇంటి వాక్యాలు! ఆ పేరు ఎవరు పెట్టారో గానీ సరిగ్గా పెట్టారు. నిఘంటువన్నాక ప్రతి మాటకీ ఒక వాక్యం కావాలి, ఆ మాట ఎలా వాడతారో చూపించడానికి. మీ పక్క బల్లలవాళ్ళు పాత పుస్తకాలు తిరగేసి తెచ్చుకున్నారు. మీకు అంత దూరం వెళ్ళడం ఎందుకు? ఇంట్లో నేనుంటిని. నేను అంట్లు తోముకుంటూ అన్న మాట, మిషను కుట్టుకుంటూ అన్న మాట, మీ మీద విసుక్కుంటూ అన్న మాట... అన్నీ పట్టుకెళ్ళి అచ్చేయించారు.

నాకు తెలియదనుకున్నారు కదూ? నా కుట్టుమిషను కాలు ఊగుతుంటే మీ మొదటి సంపుటం తెచ్చి కింద పెట్టబోయాను. పెట్టేముందు ఊరికే తెరిచాను. సరిగ్గా "ఊరికే" అన్న మాట దగ్గరే తెరుచుకుంది. "ఊరికే కూర్చోలేక మా ఆయన గొడుగు బాగుచేశాడు, ఇక అది తెరుచుకోదు." అప్పటిది వేరే గొడుగులెండి. ఎన్ని గొడుగులని!

ఆ వేళ మిషను మానేసి చదువుతూ కూర్చున్నాను. "అచ్చం" దగ్గర, "బద్ధకానికి బట్టలు తొడిగితే అచ్చం మా ఆయనలా ఉంటుంది." "ఇల్లు" దగ్గర, "మా ఇంట్లో మంచం మీద పుస్తకాలు పడుకున్నాయి, మేం నేల మీద సర్దుబాటు చేసుకున్నాం." కోపం రాలేదా అంటారా? ముందు వచ్చింది. ఆ తర్వాత నవ్వొచ్చింది. ఆ తర్వాత... సరే, ఆ తర్వాత సంగతి తర్వాత చెప్తాను. పాలు పొంగేలా ఉన్నాయి.

ఏమాటకామాటే చెప్పాలి, మీరు చెప్పే కబుర్లు నాకు ఇష్టమండీ. మాటలు ఎక్కడినుంచి వచ్చాయో చెప్తారు చూడండి, అప్పుడు మీ మొహం వెలుగుతుంది. మొన్న "తిరుగుబాటు" గురించి చెప్పారు. తిరగడం ఉంది కదా, దానికి "పడు" చేరిందట. జారిపడటంలో పడు, భయపడటంలో పడు, సిగ్గుపడటంలో పడు, అదే పడు. తిరగబడటం. ఆ పడటమే పాటు అయింది, పాటు మెత్తబడి బాటు అయింది. పొరబాటు, తడబాటు, ఎడబాటు, సర్దుబాటు అన్నీ ఒక్క తల్లి పిల్లలే అన్నారు. అందుకే మనవాళ్ళ లెక్కలో తిరుగుబాటంటే పనిగట్టుకుని చేసేది కాదే, భయం పడ్డట్టు, ఇష్టం పడ్డట్టు, మనిషికి తనంతట అది వచ్చి పడుతుంది అన్నారు. ఎంత బాగా చెప్పారో! నేను కత్తెర పక్కన పెట్టేసి విన్నాను.

విని ఏమనుకున్నానో తెలుసా? ఆ తల్లి పిల్లల్లో పొరబాటు, తడబాటు, సర్దుబాటు, మూడూ మన ఇంట్లోనే తిష్ఠ వేశాయి. ఇన్నేళ్ళలో తిరుగుబాటొక్కటే మన గుమ్మం తొక్కలేదు. తొక్కుదామన్నా సైకిలు అడ్డం ఉందాయె.

ఇంకో సంగతి చెప్పనా? మీ గొంతు ఎక్కడ ఆగిపోయిందో మీ ఆఫీసులో టైపు చేసే అమ్మాయి చెప్పింది నాకు. పైకి చదువుతూ చదువుతూ ఆ మాట దగ్గరికే వచ్చారట. "తిరు" అన్నారట, అంతే, గాలి తప్ప ఏమీ రాలేదట. ఆ పిల్ల చెప్తూ నోరు మూసుకుని నవ్వుతోంది. మరి రాదుగా! అలవాటు లేని మాట అడ్డం పడింది.

సరే, అసలు సంగతికి వస్తున్నా. నన్ను పంపారు. ఏం చెప్పమని? పలక మీద రాసి చూపించారు, "సరే అన్నారని చెప్పు" అని. సరే కింద రెండు గీతలు కూడా గీశారు, నేను మర్చిపోతానేమో అన్నట్టు.

వెళ్ళాను. దారంతా అదే అనుకుంటూ వెళ్ళాను. సరే అన్నారు, సరే అన్నారు, సరే అన్నారు. పెద్దాయన కూర్చోమన్నారు. ఆ కుర్చీ ఎంత ఎత్తండీ బాబూ, కాళ్ళు నేలకి ఆనలేదు. మర్యాదస్తుడే పాపం, నా తడి గొడుగు తనే తీసి మూలన పెట్టారు. మీ ఆరోగ్యం అడిగారు. చొక్కా కాలరు అరిగిపోయింది, నా కళ్ళు అక్కడే ఉన్నాయి. ఎంత పెద్దవాడైనా కాలరు దగ్గర అందరూ ఒకటే.

"మీ ఆయన ఏమన్నారమ్మా?" అన్నారు. నేను చెప్పేలోపు తనే ఒక పేజీ తీసి చూపించారు. "ఆయన రాసినవాటిలో ఇదొక్కటే నాకు నచ్చింది. మిగతావన్నీ ఇలా మార్చాలి." ఏంటా అని చూశాను. అదే మాట. "తిరుగుబాటు: ప్రజలు రాజుపై తిరుగుబాటు చేసిరి."

నాకు ఒళ్ళు మండిందండీ. చేసిరట! ఎవరా రాజు? ఎవరా జనం? ఎందుకు చేశారు? తర్వాత ఇంటికెళ్ళి అన్నం తిన్నారా లేదా? ఏమీ లేదు. మీకు మన ఇంట్లో వాక్యం దొరకని మాట అదొక్కటే, అందుకని ఎక్కడినుంచో అరువు తెచ్చి పెట్టారు. ఆయనకేమో అదే నచ్చింది!

అయినా సరే "సరే" అందామనే నోరు తెరిచాను. ఒట్టు. మీ మీద ఒట్టు. మీరు పంపిన మాట నాలుక చివరదాకా వచ్చింది.

"కుదరదన్నారండీ మా ఆయన."

అయ్యో, అలా లేవకండి! కూర్చోండి, కూర్చోండి. ఉప్పు డబ్బా కిందపడుతుంది. నేను అనలేదండీ, వచ్చింది! మీరు చెప్పలేదూ, వచ్చి పడుతుందని? అచ్చం అలాగే పడింది. నా నోరే, నా గొంతే, కానీ విన్నాక గానీ నాకూ తెలియలేదు.

పెద్దాయన కళ్ళద్దాలు తీశారు. "ఏమన్నారూ?" "కుదరదన్నారు." "ఆయనా?" "ఆయనేనండీ." "ఆయనకి గొంతు పోయిందన్నారుగా?" "పోయింది కాబట్టే అన్నారండీ." ఇంకేం చెప్పను మరి? ఒకసారి మొదలుపెట్టాక వెనక్కి ఎలా వస్తాను!

అప్పుడు తలుపు వెనక కిసుక్కుమని నవ్వింది ఆ టైపు పిల్ల. పెద్దాయన రమ్మన్నారు. "ఎందుకు నవ్వావు? ఆ ఇంటి వాక్యాల్లో అంత ఏముంది? ఒకటి చదువు" అన్నారు. పుస్తకం ఇవ్వబోయారు. ఆ పిల్లకి పుస్తకం అక్కర్లేదండీ! చూడకుండా గడగడా చెప్పేసింది. గొడుగుది, మంచంది, బద్ధకంది. మధ్యాహ్నం అన్నాలు తినేటప్పుడు ఆఫీసంతా ఒకళ్ళకొకళ్ళు చెప్పుకుంటారట. మీకు తెలియదు కదూ? మీరు కిటికీ లేని గదిలో కూర్చుని తింటారాయె.

పెద్దాయన నవ్వకూడదని పాపం చాలా ప్రయత్నం చేశారు. గొడుగు దగ్గర దగ్గారు. మంచం దగ్గర అటు తిరిగారు. బద్ధకం దగ్గర ఇక ఆగలేదు, బొజ్జ ఊగింది.

కానీ నవ్వాక ఏమన్నారో వినండి. "అమ్మా, నేను ఏది అడిగినా ఆయన సరే అంటారు. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా కాదంటే కదా, ఆయనకి ఏది ఇష్టమో నాకు తెలిసేది! ఈ వాక్యాలు ఆయనకి అంత కావాలనుకుంటే, రేపొచ్చి నా ఎదుట తనే కాదనమనండి. ఉంచేద్దాం. సరే అంటే మాత్రం తీసేస్తాను." మాట్లాడకూడదు కదండీ అన్నాను. "మాట్లాడక్కర్లేదు. తల అడ్డంగా ఊపితే చాలు" అన్నారు.

తల అడ్డంగా! ఎంత తేలిగ్గా అనేశారో! మీ తల నిలువుగా తప్ప ఊగదని ఆయనకేం తెలుసు?

ఏదీ, ఒకసారి ఊపండి చూద్దాం. నేనే పెద్దాయన్ని అనుకోండి. "ఏమయ్యా, ఈ వాక్యాలు తీసేద్దామా?" అయ్యో రామా! నిలువుగా కాదండీ! మళ్ళీ. "తీసేద్దామా?" చూశారా, అడ్డంగా మొదలుపెట్టి నిలువులోకి దిగిపోయింది. మెడలో ఏదో మర ఉందండీ మీకు, ఒకవైపే తిరుగుతుంది.

మిమ్మల్ని పోట్లాడమనట్లేదు నేను. మీ నీలం చొక్కా కాలరు అరిగిపోతే ఏం చేశాను? పారేశానా? కుట్లు విప్పి తిరగేసి కుట్టాను. అదే చొక్కా, అదే గుడ్డ. లోపలి వైపు ఇన్నాళ్ళూ మెడకి అంటుకుని ఉండిపోయింది, తిప్పితే కొత్తగా ఉంది. మీరూ ఒక్కసారి తిరగండి, అంతే.

నాకెందుకింత పట్టుదల అంటారా? ఇందాక తర్వాత చెప్తానన్నాను చూడండి, ఆ సంగతి. మీరు నవ్వకూడదు. నవ్వితే గొంతుకి మంచిది కాదు.

ఆ వేళ గొడుగు వాక్యం చూశాక... ఇక అప్పట్నుంచి నేను మామూలుగా మాట్లాడలేదండీ. మీరు స్నానానికి వెళ్తూ గొణుక్కునే మాటలు విని ఏ అక్షరంలో ఉన్నారో కనిపెట్టేదాన్ని. "గ"లో ఉన్నన్నాళ్ళూ గొణిగాను, గోల చేశాను, గయ్యిమన్నాను. "చ" వచ్చేసరికి చిటపటలు, చీదరింపులు, చిందులు. పక్కింటావిడ అడిగింది కూడా, "ఏంటమ్మా ఈమధ్య మరీ చిర్రుబుర్రులాడుతున్నావు" అని. ఏం చెప్పను? మా ఆయన "చ"లో ఉన్నారు, "జ"లోకి వెళ్ళగానే జాలిగా ఉంటాను అని చెప్పనా?

ఒక్కో వాక్యం కూర తరుగుతూ తయారు చేసుకునేదాన్ని. నోట్లో నాలుగుసార్లు తిప్పి, బరువు చూసి, మీరు చెప్పులు వేసుకునే వేళకి వదిలేదాన్ని. మీరేమో పైకి ఏమీ ఎరగనట్టు ఉండి, గుమ్మం దాటగానే జేబులోంచి కాగితం తీసేవారు. కిటికీలోంచి చూసి ఎంత మురిసిపోయేదాన్నో! నా సాధింపులు వింటున్నాననుకున్నారు మీరు. రాసి ఇచ్చింది నేను.

అలా చూడకండి. ఇంకా ఉంది.

"ప" గుర్తుందా? ఆ రోజుల్లో ఎంత ప్రేమగా ఉన్నాను! "ప్రేమ"కి వాక్యం కావాలి కదా మరి. ఎన్ని రకాలుగా అన్నానో. మీరు అనుమానంగా చూశారు తప్ప కాగితం తీయలేదు. పుస్తకం వచ్చాక చూద్దును కదా, నేనన్నవి ఒక్కటీ లేదు. ఏముందో చెప్పనా? "ప్రేమగా వడ్డిస్తే మాడిన కూర కూడా గొంతు దిగుతుంది."

అది నేననలేదండీ. నేనన్న మాటలన్నీ నాకు గుర్తే, కుట్టిన జాకెట్లు గుర్తున్నట్టు. అది నాది కాదు, ఏ పుస్తకంలోదీ కాదు. అది మీదే. అంత లావు నిఘంటువులో మీ సొంత వాక్యం అదొక్కటే. నాకు చెప్పనన్నా చెప్పలేదు. అచ్చేయించి ఊరుకున్నారు!

రేపు మీరు తల నిలువుగా ఊపితే అది కూడా పోతుంది. గొడుగు పోతే పోనివ్వండి, బద్ధకం పోయినా నాకేం బాధ లేదు. ఆ ఒక్కటి పోతే నాకు ఏడుపొస్తుందండీ. మన కాపురమంతా ఆ పుస్తకంలో ఉంది, అది తీసి అక్కడ ఏ రాజునో కూర్చోబెడతారు. ఆ రాజుకి మన ఇంట్లో ఏం పని?

పోనీలెండి. చెప్పాల్సింది చెప్పాను. తప్పు చేశానంటే తప్పే, మీరు ఇచ్చిన మాట మార్చి చెప్పాను. రేపు మీ ఇష్టం. ఇదిగో, నీళ్ళు గోరువెచ్చగా అయ్యాయి, ఉప్పు కాస్త ఎక్కువే వేశాను. పుక్కిలించండి.

పట్టుకోండి గ్లాసు. ఆఁ, అలా. కానివ్వండి...

అయ్యయ్యో! అదేంటండీ! తొట్లో బోర్లించేశారేం? చెయ్యి జారిందా? జారలేదా? కావాలనా? నీళ్ళు కాచి, ఉప్పు కలిపి, తడి చీరతో నిలబడి...

ఉండండి. ఏంటది? మళ్ళీ ఊపండి. ఆ తల మళ్ళీ ఒకసారి ఊపండి.

అడ్డంగా! అడ్డంగానే ఊపుతున్నారండీ! అమ్మయ్య! రేపు పెద్దాయన ముందు కూడా అచ్చం ఇలాగే ఊపాలి. గ్లాసులు మాత్రం బోర్లించకండి, ఆయన బల్ల నిండా కాగితాలుంటాయి. ఆయన చొక్కా కాలరు కూడా తిరగేసి కుట్టిస్తానన్నానని... అదెలా చెప్తారులెండి, నేనే వస్తాను మీతో.

ఏంటా సైగ? పలకా? ఇస్తానులెండి, దింపుతాను. "తిరుగుబాటు"కి ఇంట్లోనే వాక్యం దొరికింది కదూ? రాసుకోండి. ఈసారి నేను చెప్పను, మీరే రాయండి.

సరే, నీళ్ళు మళ్ళీ కాస్తాను, పొయ్యి ఇంకా వేడిగానే ఉంది. మళ్ళీ అడ్డంగానా? వద్దా? డాక్టరుగారు చెప్పారండీ! అయినా వద్దా?

బాగుంది. ఇన్నేళ్ళకి మా ఆయన తిరగబడ్డారు, అదీ రాజు మీద కాదు, పెద్దాయన మీద కాదు, నా ఉప్పునీళ్ళ మీద. ఏం చేస్తాం! నేర్పింది నేనే, పడాల్సిందీ నేనే.